వానలో కుట్టుమిషను

బోయిగూడలో ట్యూషన్లు చెప్పుకునే రోనాల్డ్ కుర్రతనంలో ఇరవై నిమిషాల రాక్ పాట ఒకటి కట్టి క్యాసెట్టులో రికార్డు చేశాడు. పాట మొదట్లో రేకుల మీద వాన పడేది. ఆ వానలోంచి వాళ్ళమ్మ దేవకృప కుట్టుమిషను చప్పుడు లేచి, ఆగుతూ సాగుతూ, చివరికి డ్రమ్ముల్లో కలిసిపోయేది. అప్పటిదాకా గిటారు నోరు మెదిపేది కాదు. వినేవాళ్ళకి ముసురు పట్టిన మధ్యాహ్నం ఆవిడ కుట్టే గదిలోనే కూర్చున్నట్టుండేది.

అమ్మ పోయాక ఆవిడ తాలూకు శబ్దం మిగిలింది ఆ పాటలోనే. క్యాసెట్టు అరిగిపోతోందని, సీడీ చేసిపెట్టమని బాబ్జీకిచ్చాడు. బాబ్జీ చిన్ననాటి స్నేహితుడు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

ఆదివారం బాబ్జీ అల్వాల్‌లోని తన ఇంటికి పిలిచాడు.

"గురుడా, ముందున్న గోలంతా కంప్యూటర్లో కడిగేశాను. ఇప్పుడు తిన్నగా గిటారుతోనే మొదలవుద్ది."

"క్యాసెట్టేదిరా?"

"చుట్టుకుపోయి తెగిపోతే పారేశాను. ఆ పీలికలతో ఏటి చేసుకుంటావు?"

"కడగకముందుది కంప్యూటర్లో ఉంచావా?"

"చోటు చాలక చెరిపేశాను."

రోనాల్డ్ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గిటారు వెంటనే వచ్చేసింది. కోప్పడదామని తలెత్తితే, బాబ్జీ మెప్పు కోసం అతని మొహంలోకే చూస్తున్నాడు.

"ఎలాగుందిరా?"

"నీట్‌గా ఉంది" అన్నాడు రోనాల్డ్.

బాబ్జీ సంబరపడిపోయి ఇంకో నాలుగు కాపీలు తీయడం మొదలుపెట్టాడు.