నాలుగు మూరల మల్లెపూలు

బాలవ్వకు కాలు నిలవదు. మా ఇచ్చోడలో ఆమెను కూర్చోబెట్టి రెండు మాటలు మాట్లాడినవాళ్లు నాకు తెలిసి లేరు. పొద్దున ఆరింటికి బస్టాండు వెనక వాడలో ఒక బాలింతకు నీళ్లు పోస్తుంది. ఏడున్నరకు ఇంకో ఇంట్లో పసిదానికి నూనె రాస్తుంది. ఎండ ముదరకముందే వావిలాకు కోసుకొస్తానని వాగు వైపు పోతుంది. అరవై అయిదు దాటిన మనిషి, ముప్పై అయిదేళ్లుగా ఇదే పని. ఇప్పుడు కాన్పులన్నీ దవాఖానలోనే అయినా, ఇంటికి తిరిగొచ్చిన బాలింత నడుము మాత్రం బాలవ్వ చేతికే రావాలి.

నేను ఆ వాడకు ఆశా కార్యకర్తను. నా పేరు స్వరూప. హుస్నాబాద్ దగ్గరి నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి పదకొండేళ్లయింది. బాలింత ఉన్న ఇంటికి ఆమె వస్తుంది, నేనూ వెళ్తాను, ఎదురుపడితే పోట్లాటే. కుట్లు మానకముందే సలసల కాగిన నీళ్లు తెస్తుందని నాకు కోపం. వాము పొగ వేసి పసిపిల్లకు దగ్గు తెప్పిస్తుందని కోపం. ఆమెకేమో నా సంచిని చూస్తేనే ఒళ్లుమంట.

"ఏం ఆశమ్మా, నడుం నొప్పికి మీ పుస్తకంల ఏం రాసిండ్రు?" అని అందరి ముందూ అడుగుతుంది.

"గోళీ రాసిండ్రు."

"గోళీ నడుం పిసుకుతదా మరి?"

నేను సంచి సర్దుకుని బయటపడతాను. ఎందుకంటే నా రెండో కాన్పుకు నాకూ ఆమే నీళ్లు పోసింది. వావిలాకు మరిగిన నీళ్లు నడుము మీద ధారగా పడుతుంటే, ఆమె బొటనవేలు ఎక్కడ నొప్పుందో అక్కడే వచ్చి ఆగుతుంటే, హాయికి వెక్కి వెక్కి ఏడ్చాను. ఈ సంగతి మా మీటింగుల్లో చెప్పను.

పోయిన ఎండాకాలంలో సరోజనక్క బిడ్డ పద్మలత కాన్పయింది. సరోజనక్క మా వాడలో మిషను కుడుతుంది, ఆమె భర్త లారీ నడుపుతాడు. పద్మలత వాళ్లకు ఒక్కతే బిడ్డ, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడు నెలలు నిండి పది రోజులన్నా కాలేదు, నొప్పులొచ్చాయి. ఆదిలాబాద్ దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. పదమూడు వందల గ్రాములు. పిల్లను అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లి అక్కడే ఉంటే మంచిదని నర్సమ్మ చెప్పినా సరోజనక్క వినలేదు.

"పచ్చి బాలింత గీ ఎండల వరండాల పడుంటదా?" అని మూడో రోజు పద్మలతను ఆటోలో ఇంటికి తెచ్చేసింది. పిల్ల దగ్గర అల్లుడు రంజిత్ ఒక్కడే మిగిలాడు.

ఆ ఇంట్లో ఇక ఎవరికీ నిలకడ లేదు. పద్మలత లేస్తుంది, పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. కుట్ల నొప్పికి తిన్నగా కూర్చోలేదు. అయినా పావుగంటకోసారి ఫోను చేస్తుంది. "ఏమన్నరు?" అంటుంది. "ఇంకేం చెప్తలేరు" అంటాడు రంజిత్. ఫోను పెట్టేసి గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచి, అక్కడేదో మరిచిపోయినట్టు వెనక్కి వస్తుంది.

బాలవ్వ వచ్చి మొదటి రోజే వేపాకు, పసుపు వేసి మరిగించిన నీళ్లను గోరువెచ్చగా చల్లార్చి, వెడల్పు టబ్బులో పోసి అందులో కూర్చోబెట్టింది. కుట్ల దగ్గరి మంట సగానికి సగం తగ్గింది. నేను పక్కనే నిలబడి చూశాను. దానికి వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. దొరికితే పెట్టేదాన్నే. నడుముకు పాత నూలు చీర బిగించి, చెవుల్లో దూది పెట్టి, "కడుపు నిండ తిను, నీళ్లు గూడ తాగు, ఆశమ్మ చూస్తున్నది" అని నన్ను ఎగతాళి చేసి వెళ్లిపోయింది.

నాలుగో రోజు పాలు దిగాయి. తాగే నోరు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంది. పొద్దుగూకే సరికి రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి, ఒళ్లు వేడెక్కింది. రవిక అంచు తగిలితే చాలు, పద్మలత కెవ్వుమని అరిచేది. పిండి తీసేయమని నేను చెప్పాను. ఆమె చెయ్యి వెయ్యనివ్వలేదు. పిల్లకు ఇప్పుడే పాలు పట్టడం లేదని రంజిత్ చెప్పాడు కదా అని నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. జ్వరానికి గోళీ ఇచ్చి, తగ్గకపోతే రేపు దవాఖానకు పోదామని చెప్పి ఇంటికి బయల్దేరాను.

సరోజనక్క గేటు దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "చెల్లె, పొద్దుగాల వచ్చేటప్పుడు బస్టాండు కాడ నాలుగు మూరల మల్లెపూలు తెస్తవా? రొమ్ములకు కట్టాలె. సలవ."

నాకు ఎంత సంతోషమేసిందో! పొగ కాదు, బూడిద కాదు, కాగే నీళ్లు కాదు. పూలు! ఇన్నాళ్లకు ఒక్క ఇంట్లోనన్నా ఎవరికీ హాని చెయ్యని వైద్యం చేస్తున్నారనుకున్నాను. తెల్లారి మంచి విచ్చని మొగ్గలు ఏరి, తడి గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను.

నేను పోయేసరికి బాలవ్వ అప్పటికే పెరట్లో పొయ్యి రాజేస్తోంది. సరోజనక్క ఆ గుడ్డ నా చేతిలోంచి తీసుకుని ఆమె ముందు పెట్టి, "కట్టు అత్తా" అని లోపలికి వెళ్లిపోయింది. వెళ్లింది అనడం కంటే పారిపోయింది అనాలి. బాలవ్వ గుడ్డ విప్పి చూసింది.

"ఎవలు తెచ్చిండ్రు గివి?"

"నేనే తెచ్చిన" అన్నాను కొంచెం గొప్పగానే. "సల్లగుంటయి గద."

ఆమె లేచి నా రెక్క పట్టుకుని బావి వెనక్కి లాక్కెళ్లింది. ఆ ముసలి చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు.

"నీకు నిజంగ ఎరుక లేదా? గివి కడితె పాలు ఎండుతయి పిచ్చిదానా! పిల్ల సచ్చిపోయిన తల్లికి కడుతరు. రెండు దినాలు కడితె మూడో నాడు చుక్క రాదు."

ఇన్నేళ్లుగా పొగతో, నీళ్లతో కొట్లాడిన దాన్ని, వాటన్నిటికంటే గట్టి మందును నా చేత్తో ఏరి మరీ తెచ్చాను. మా వైపు ఈ ఆచారం నేను వినలేదు. వినలేదని చెప్పుకుంటే సిగ్గు తగ్గుతుందా? తగ్గలేదు.

"మరి నువ్వు కట్టకు" అన్నాను.

"నేను కట్టనే కట్ట" అంది బాలవ్వ. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తిరిగింది. తిరుగుతూనే చెప్పింది. "బోథ్ ఊర్ల ఒక బాలింతకు కట్టిన. పసిది దక్కదన్నరు, పెద్దోళ్లు కట్టుమన్నరు, కట్టిన. ఇరవై దినాలకు అది పాణంతోని ఇంటికచ్చింది. తల్లికి చుక్క లేదు. దాని నోరు ఇటు అటు ఎతుకుతుంటె నేను కండ్లార సూసిన స్వరూపా. డబ్బ పాలు దానికి పడలే."

"బతికిందా?"

"బతుకలే."

అంతే. ఇంకేమీ అడగకముందే ఆమె వంటింటి వైపు నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

సరోజనక్క పొయ్యి ముందు ఊరికే నిలబడి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు.

"డాక్టరు పిల్ల పోతదన్నడా?" అని అడిగింది బాలవ్వ.

"చెప్పలేమన్నడు. చెప్పలేమంటె గదే గద అత్తా! ఏడో నెల పిల్ల యాడ బతుకుతది? పోయే పిల్లకు పాలెందుకు? ఉన్న బిడ్డనన్న నేను కాపాడుకోవద్దా?" సరోజనక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "రాత్రంత కన్ను మూయలే. అరుస్తున్నది. నేను సూడలేను, నాతోని కాదు."

ఆమె మీద మండిపడదామని వచ్చిన నేను ఆ ముఖం చూసి ఆగిపోయాను. ఆమె చెడ్డది కాదు. నొప్పి పడుతున్న బిడ్డ కళ్లముందుంది, మనవరాలు ఇంకా ఒక ఫోను మాట మాత్రమే. ఆ ఇద్దరిలో ఎవరి వైపు మొగ్గాలో ఆమె చేతులు ముందే తేల్చేసుకున్నాయి. అయినా కోపం పోలేదు, నా మీద ఉన్నదీ పోలేదు.

వెనక నుంచి తల్లిని "అవ్వా" అని పిలవడం వినిపించింది. పద్మలత తలుపు పట్టుకుని నిలబడింది. ఎప్పటి నుంచి అక్కడ ఉందో.

"పూలు దేనికే?"

"సలవకు బిడ్డా" అంది సరోజనక్క.

పద్మలత నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. అప్పుడు బాలవ్వ వైపు చూసింది.

"పాలు ఎండనీకి" అంది బాలవ్వ. "పిల్ల దక్కదని మీ అవ్వ అనుకుంటున్నది. దక్కుతదో లేదో నాకెరుక లేదు, నేను అబద్ధం చెప్ప. కట్టుడు మాత్రం నా చేతులతోని కాదు. పిండుమంటె పిండుత. బాగ నొస్తది. నీ పిల్ల, నీ పాలు. జల్ది చెప్పు."

పద్మలత ఫోను తీసి నొక్కింది. రెండుసార్లు తప్పు నొక్కింది.

"బతికున్నదా?" అని అడిగింది.

"ఏంది గట్ల అడుగుతున్నవ్?" రంజిత్ గొంతు మా అందరికీ వినిపించింది. "ఉన్నది. ఇప్పుడే పిడికిలి ముడిచింది. పాలు ఇయ్యాల్నించి గొట్టంతోని పడుతమన్నరు. నేనే చేద్దామనుకుంటున్న ఫోను."

పద్మలత ఫోను పక్కన పడేసి అక్కడే పీట మీద కూర్చుంది. "పిండు అమ్మమ్మా" అంది.

బాలవ్వ వేడినీళ్లలో గుడ్డ ముంచి, పిండి, రొమ్ముల మీద వేసింది. చల్లారితే మళ్లీ ముంచింది. గడ్డలు కట్టిన చోట వేళ్లతో అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా లోపలికి నిమురుకుంటూ వచ్చింది. నేను స్టీలు గిన్నె, మూతున్న డబ్బా మరగబెట్టి, చేతులు సబ్బుతో కడుక్కోమని బాలవ్వకు రెండుసార్లు చెప్పాను. ఎగతాళి చెయ్యకుండా రెండుసార్లూ కడుక్కుంది. పద్మలత నా మణికట్టు పట్టుకుని అరిచిన అరుపులకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. మొదట చుక్క రాలేదు. తర్వాత ఒక్క చుక్క, పసుపు పచ్చగా. తర్వాత సన్నటి ధార. గంట తర్వాత గిన్నెలో అరకప్పు కూడా లేదు గానీ, పద్మలత ముఖంలోకి జీవం వచ్చింది.

డబ్బాను ఐసుముక్కలున్న ఫ్లాస్కులో పెట్టి రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆదిలాబాద్ బస్సు రాలేదు. రోడ్డు ఆ చివరా ఈ చివరా చూశాను, ఇద్దరు ఆటోవాళ్లను తిట్టాను, చివరికి నిర్మల్ నుంచి వచ్చిన బస్సులో మెట్ల మీద నిలబడి పోయాను. నర్సమ్మ డబ్బా తీసుకుని, సన్న గొట్టంలో రెండు మిల్లీలీటర్లు పట్టింది. రెండే! చెంచాలో సగం కూడా కాదు. నేను ఫోను చేసి చెప్తే బాలవ్వ, "గంతేనా? నేను గంటసేపు పిండిన, ఇంకింత పట్టుమను" అని కసిరింది. ఆ కసురు వెనక ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది.

మర్నాడే పద్మలతను దవాఖానకు తీసుకెళ్లాము. జ్వరానికి మందిచ్చి, తల్లులుండే గదిలో మంచం ఇచ్చారు. మూడు గంటలకోసారి తనే పిండుకోవడం నేర్చుకుంది. బాలవ్వ రోజు విడిచి రోజు మొదటి బస్సుకు వచ్చి, నడుము పట్టి, మూడో బస్సుకు వెళ్లేది. రెండు మిల్లీలీటర్లు అయిదయ్యాయి, అయిదు పదయ్యాయి.

సరోజనక్క రోజూ టిఫిను తెచ్చేది. నెయ్యన్నం, ఎల్లిగడ్డ కారం. పద్మలత తినేది, తల్లి ముఖం చూసేది కాదు. ఒక్క మాట లేదు. పలకరిస్తే గోడ వైపు తిరిగేది.

"బిడ్డ నొప్పి తీసేద్దామనుకున్న గదనే చెల్లె" అని సరోజనక్క నాతో అనేది. "గది తప్పేనా?"

తప్పే అని చెప్పాలని ఉండేది. కానీ ఆ పూలు తెచ్చింది నేను. ఏమనగలను? టిఫిను డబ్బా కడిగి ఆమె చేతిలో పెట్టేదాన్ని.

ఇరవై నాలుగో రోజు పిల్ల పదహారు వందల గ్రాములు దాటింది. రొమ్ముకు పట్టి చూద్దామంది నర్సమ్మ. ఆ మధ్యాహ్నం బాలవ్వ వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే, "ఒక కాడ ఉండు ముసలమ్మా" అని కాపలా మనిషి మందలించాడు. మొదటిసారి పిల్ల నాకి ఊరుకుంది. రెండోసారి నోరు తెరిచి నిద్రపోయింది. పద్మలత నుదుటి మీద చెమట కారుతోంది. టిఫిను డబ్బా పట్టుకుని సరోజనక్క తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రావాలో వద్దో ఆమెకు తెలియడం లేదు.

మూడోసారి నర్సమ్మ పిల్ల దవడ పట్టి దగ్గరికి నొక్కింది. ఆ చిన్న నోరు మూసుకుంది. చెంప లోపలికి పోయింది, మళ్లీ పోయింది. పద్మలత పళ్లు బిగించింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"అవ్వా" అంది.

పందొమ్మిది రోజుల తర్వాత ఆ మాట. సరోజనక్క డబ్బా కింద పడేసి వచ్చింది.

"అవ్వా, నొస్తున్నదే!"

సరోజనక్క బిడ్డ మోచేతి కింద తన అరచెయ్యి ఆనించింది. పాలు తాగుతున్న ఆ నోటినే చూస్తూ, "నొయ్యనియ్యి బిడ్డా" అంది. "నొయ్యనియ్యి."