కొట్టేసిన వాక్యం కింద చుక్కలు

మూడు వారాల కిందట, ఆదివారం పొద్దున సారు భార్య, ఆంటీ ఫోన్ చేసి, "మీ సారు ఇక లేరమ్మా" అన్నారు. ఏడ్చాను. దాచడమెందుకు, ఏడుపుకి ముందు ఒక్క క్షణం గుండె తేలికపడింది. ఇక ఆ సంగతి ఎవరికీ తెలియదులే అనుకున్నాను. ఛీ, ఏం బుద్ధి నాది!

మేముండే ప్లెయిన్స్‌బరో ఊళ్లో సారు ఇల్లు మా అపార్ట్‌మెంట్ వెనక వీధిలోనే. మందుల్లో మిగిలిపోయే రసాయనాలు ఎంతవరకు ఉంటే ప్రమాదం లేదో తేల్చడం ఆయన చదువు. చాలా దేశాలు కలిసి మందులకు ఒకే నియమం పెట్టుకునే కమిటీ ఒకటుంది. సారు దానికి సలహాదారు. అక్కడ నివేదికలు రాసే పని నాకు ఇప్పించింది కూడా ఆయనే.

ఏ నివేదికైనా సారు చివరి పేజీతో మొదలుపెట్టేవారు. ఆ పేజీ పేరు ‘మాకు తెలియనివి’. "తెలిసింది చెప్పడానికి ఎవరైనా దొరుకుతారమ్మా. ఎక్కడిదాకా తెలుసో చెప్పడానికే మనల్ని పిలిచింది" అనేవారు. నా డ్రాఫ్టులు కారప్పూస తింటూ పెన్సిల్‌తో దిద్దేవారు. కాగితాల మధ్య ఆ పొడి రాలేది. తొందరపడి ఏ మాటైనా కొట్టేస్తే, మళ్లీ ఆలోచించి దాని కింద వరసగా చుక్కలు పెట్టేవారు. ఉండనివ్వు అని గుర్తు. పైగా నాకు సారీ చెప్పేవారు, అంత పెద్దాయన.

ఒక ఏడాది పిల్లల సిరప్‌లలో వాడే ఒక ద్రావకానికి పరిమితి పెట్టాల్సి వచ్చింది. "రెండేళ్లలోపు పిల్లలకు ఈ పరిమితి సురక్షితమో కాదో మాకు తెలియదు" అని నా డ్రాఫ్టు చివరి పేజీలో సారు రాశారు. ప్రతినిధులకు ఆ వాక్యం గొంతులో ముల్లయింది. తెలియదని ఒప్పుకుంటే ఏ దేశానికా దేశం సొంత పరిమితి పెట్టుకుంటుందని, ఇన్నేళ్ల ఒప్పందం గంగలో కలుస్తుందని వాళ్ల భయం. ఛైర్మన్ తీసేయమంటే నేనే దాని మీద ఎర్ర గీత గీశాను.

ఆఖరి సమావేశం రోజున ఆంటీకి గుండె ఆపరేషన్. సారు హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి, అభ్యంతరాలు అడిగినప్పుడు తన తరఫున ఆ వాక్యం చదవమన్నారు. ఛైర్మన్ అడిగారు. అక్కడ ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. కాగితం నా చేతిలోనే ఉంది. అందరూ వాచీలు చూసుకుంటున్నారు. నేను నోరు మెదపలేదు.

అచ్చయ్యాక సారు అడిగారు, "ఆ వాక్యం కనబడదేమ్మా?"

"చదివాను సార్. వాళ్లు వినలేదు."

"పోనీలే, నువ్వు చదివావు కదా" అన్నారు. ఆ సాయంత్రం భోజనానికి రమ్మంటే వెళ్లాను కూడా. సారు వడ్డిస్తుంటే చారు రెండుసార్లు పోయించుకున్నాను. ఆ నివేదికతోనే నాకు ప్రమోషన్ వచ్చింది. దానివల్ల ఎక్కడైనా ఏ పసిబిడ్డకైనా ఏమైనా అయిందా అంటే, నాకు తెలియదు. ఆ మాట రాయనివ్వని మనిషిని, ఇప్పుడు ఏ మొహంతో అంటున్నానో.

పదమూడో రోజు అయ్యాక ఆంటీ నాకో ఫైలు ఇచ్చారు. వచ్చే నెల ఆ నియమం మళ్లీ చర్చకు వస్తోంది, అప్పుడు నాకు పనికొస్తుందని సారు చెప్పి ఉంచారట. పైన, ఆనాటి సమావేశంలో ఎవరేం మాట్లాడారో పొల్లుపోకుండా ఎక్కించిన రికార్డు. అది సారుకి అందిన తేదీ, నివేదిక అచ్చుకాకముందుదే. అభ్యంతరాల దగ్గర ‘ఎవరూ మాట్లాడలేదు’ అని ఉంది. కాగితం మడతలు చూస్తే, చాలాసార్లు తీసి చదివినట్టుంది. అంటే, సారుకి ఇన్నేళ్లూ తెలుసు. తెలిసే చారు పోశారు.

వచ్చే నెల ఆ వాక్యం చదువుతాను. ఆ రోజు చదవలేదని కూడా చెబుతాను. ముందు మీకు చెబుతున్నాను.

ఫైలు అడుగున నా పాత డ్రాఫ్టు ఉంది. మడతలో కారప్పూస పొడి. నా ఎర్ర గీత కింద, ఆ వాక్యం పొడవునా పెన్సిల్ చుక్కలు. చివర్లో వరస కాస్త కిందికి జారింది. అయినా ‘తెలియదు’ దాకా ఒక్క చుక్క కూడా మానలేదు.