ఎవరివీ కాని కర్రలు

నా ఇంగ్లీషు మీద నాకు ఒకప్పుడు మహా గర్వం. మైపాడు అవతల, సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలో, నాలుగైదు దేశాల కుర్రకారుతో కళల శిబిరం పెట్టినప్పుడు నన్ను తీసుకున్నది నా బొమ్మలు చూసి కాదు. వచ్చినవాళ్ళకు తెలుగు రాదు, వంటచేసే అక్కకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఒక నోరు కావాలి. ఆ నోరు నేను.

మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించుకునే కుటుంబం. సముద్రం గంటన్నర దూరమే. కార్తీక పున్నమికి స్నానానికి వెళ్ళి రావడం తప్ప దాని సంగతి నాకేమీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు, అదీ అసలు తంటా.

వంట అక్కది పక్కనున్న జాలర్ల పాలెమే. ఆమె భర్త తెల్లవారుజామున పడవ మీద వేటకు పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. ఆ పడవ కంటపడేదాకా అక్క పప్పులో ఉప్పు వేసేది కాదు. "మనసు ఆడుంటే చెయ్యి తప్పుద్ది పాపా," అనేది. మేం ఆకలితో కంచాలు పట్టుకుని ఆమె మొగుడి కోసం ఎదురుచూసేవాళ్ళం. నేను ఎగతాళి చేసేదాన్ని కూడా. "మీ ఆయన రాకపోతే మాకు చప్పిడి కూడేనా అక్కా?" అని. ఆ మాట అన్న నోటిని ఏం చేయాలో నాకిప్పటికీ తెలియదు.

నాలుగో రోజు మా పని, ఒడ్డున దొరికిన వాటితో మాత్రమే ఒక బొమ్మ నిలబెట్టడం. నాకు జతగా వచ్చింది మంచు దేశపు పిల్ల ఒకతె, పొడుగరి, నెమ్మదస్తురాలు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకలో రెండు పొడవాటి కర్రలు కనిపించాయి. ఒకదాని వెనక ఒకటి నాటి ఉన్నాయి, పైన తెల్ల గుడ్డ పీలికలు. ఆ పిల్ల చెయ్యి వేయబోయి ఆగింది. "ఇవి ఎవరివైనా అయ్యుంటాయేమో, కనుక్కో," అంది.

కనుక్కోవడమంటే వంటపాక దాకా నడవడమే, ఎంతో దూరం లేదు. నేను కదల్లేదు. మా చేలల్లో పిట్టల్ని తోలడానికి ఇలాగే కర్రకు గుడ్డ కట్టి నాటుతాం. కోత అయిపోయాక వాటి మొహం చూసేవాడుండడు, పొయ్యిలోకి కావాలన్నవాళ్ళు పీక్కెళతారు. తగుదునమ్మా అని చెప్పేశాను. "ఎవరివీ కావు. పిట్టలకని పెట్టి వదిలేశారు." ఆ ఇసుకలో ఏ పిట్టలొచ్చి ఏ గింజలు తింటాయని నా బుర్రకు తట్టలేదు.

ఇద్దరం కలిసి పీకాం. రెండు వందల అడుగులు దక్షిణంగా తీసుకెళ్ళి, ఎలా ఉన్నవి అలాగే ఒకదాని వెనక ఒకటి నాటాం. గవ్వలు, తెగిన చెప్పులు వేలాడదీశాం. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఫోటోలు తీసుకున్నాను.

మధ్యాహ్నానికి గాలి లేచింది. అక్క గరిటె చేతిలో పట్టుకునే ఒడ్డుకొచ్చింది. పడవ కనిపించింది. నేరుగా మా బొమ్మ వైపే వస్తోంది. నేను పిచ్చిదానిలా చెయ్యి ఊపాను కూడా. అలలు విరిగే చోటికి వచ్చి పడవ దేన్నో గుద్దుకున్నట్టు ఆగింది, అడ్డం తిరిగింది, బోల్తా కొట్టింది. ముగ్గురిలో ఇద్దరు ఈదుకుంటూ వచ్చారు. అక్క భర్త పడవ కింద చిక్కుకున్నాడు. పాలెం వాళ్ళు ఆయన శవాన్ని సాయంత్రానికి బయటికి తెచ్చారు. పొయ్యి మీది పప్పును ఎవరూ ముట్టలేదు.

ఒడ్డున ఉన్న పెద్దాయనొకరు మా బొమ్మ దగ్గరికి వచ్చి గవ్వలు తెంపి కింద పడేశాడు. "మొగలో ఇసక మేట ఊరికే జరగతా ఉంటాది," అన్నాడు మాతో, అరవకుండానే. "పడవకు లోతు దారి యాడుంటే ఆడికి కర్రలు మారస్తాం. రెండూ ఒక్కటిగా కనపడేటట్టు చూసుకోని నేరుగా రావాల. కొత్త చోట ఉండేసరికి, మనోళ్ళే మార్చుంటార్లే అని నమ్మినాడు వాడు."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటుంది మా అమ్మ. నేను జారిన నోటిని మూసుకుని కూర్చున్నాను. రెండు రోజులు.

పెద్దాయన చెప్పింది నిర్వాహకుల ద్వారా తెలుసుకుని, మూడో రోజు ఆ పొడుగు పిల్ల అక్క ఇంటికి వెళ్ళాలంది. నిర్వాహకులు వద్దన్నా వినలేదు. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, అక్క ఎదురుగా నేల మీద కూర్చుంది. "కర్రలు పీకింది నేనే. నన్ను క్షమించమని చెప్పు," అంది. నన్ను అడిగిన సంగతి ఎత్తలేదు. నన్ను కాపాడిందో, తప్పంతా తనదేననుకుందో నాకు తెలియదు. నేను ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. "కర్రలు పీకింది తనేనంట అక్కా. క్షమించమంటా ఉంది."

అక్క ఆ పిల్ల వైపు చూసింది. "పరదేశం బిడ్డ. దానికేం తెలుసు మా కర్రల సంగతి," అంది. "పీకే ముందు ఈడ పుట్టినోళ్ళను ఎవురినీ అడగలేదా? అడుగు పాపా."

నేను ఆ పిల్ల వైపు తిరిగాను. "ఆమె నిన్ను క్షమించింది," అన్నాను ఇంగ్లీషులో. ఆ పిల్ల ముఖం కప్పుకుని ఏడ్చింది. నేను మళ్ళీ అక్క వైపు తిరిగాను.

"ఎవరినీ అడగలేదంట అక్కా."

అక్క తల ఊపింది. నా చెయ్యి పట్టుకుంది.

"పక్కనే నువ్వుంటివి గదా పాపా. నిన్నన్నా అడగాల్సింది."

"అవునక్కా," అన్నాను.