అప్పడాలు ఆరని ఊరు

గోవిందూ, బాగున్నావా? ఇంట్లో అందరూ కులాసానా? నువ్వు అడిగి ఎన్నాళ్ళైందో, జవాబు ఇప్పటికి కుదిరింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. కోయంబత్తూరుకు ఏ దారిన వెళ్తే మంచిది, అక్కడ ఏదైనా వ్యాపారం పెట్టొచ్చా అన్నావు కదా. నేనే వెళ్ళొచ్చి రాద్దామని ఆగాను. వెళ్ళొచ్చాను. వింటే నువ్వు నవ్వుతావు, నాకు మాత్రం ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

సంగతి ఇది. మదురైలో మేము అప్పడాలు ఆరబెట్టుకునే పెరడు ఇంకొకరు అడుగుతున్నారు. ఉంటావా, ఖాళీ చేస్తావా, నెలాఖరులోగా చెప్పమని ఓనరు కూర్చున్నాడు. మా పెద్దక్క జయమ్మ కోయంబత్తూరులోని సింగానల్లూరులో స్పిన్నింగు మిల్లులో పని చేస్తుంది, నీకు తెలుసు. ఎప్పుడు కలిసినా ఒకటే పాట. “వచ్చేయ్‌రా తమ్ముడా. షిఫ్టు వదిలితే గేటు కాడ జనం తిరునాళ్ళే. అప్పళం చేసేవాళ్ళే లేరు ఈడ. గాలంటావా, నిండా బాగుంటాది!” మాసి నెలలో, ఎండలు మొదలయ్యేటప్పుడు, ఒకసారి వెళ్ళి ఆ మిల్లు దగ్గర ఒక షెడ్డు చూశాను. మిద్దె మీద ఎండ బ్రహ్మాండంగా ఉంది. ఎండకు గాలి కూడా తోడైతే ఇంకేం, ఇక్కడ సాయంత్రానికి ఆరేవి అక్కడ మధ్యాహ్నానికే ఆరిపోతాయని నేనే తీర్మానించుకున్నాను. పిండి కలిపే చెయ్యి మా ఆవిడ సరోజది. తను ఒక్క మాటంది: “షెడ్డుకు సరేననే ముందు, కొంచెం పిండి ఎత్తుకపోయి ఆరబెట్టి చూడుండి.” అందుకని తడిగుడ్డలో మినప్పిండి ముద్ద చుట్టుకుని, ఆడి నెలలో, అదే మన ఆషాఢంలో, బయలుదేరాను.

దారి రాసుకో. మదురైలో తెల్లవారి ఐదు గంటల బస్సు. దిండిగల్లు, ఒట్టన్‌చత్రం, పళని, ఉడుమలై, పొల్లాచ్చి, అక్కణ్ణుంచి కోయంబత్తూరు. దిండిగల్లు దాకా రాజభోగం. ఒట్టన్‌చత్రంలో కూరగాయల మార్కెట్టు పక్కన ఆపాడు చూడూ, ఇక కదలడు! బస్సు పైన టమాటా బుట్టలు, లోపల మునక్కాయల మూటలు. ఒక మూట నేరుగా నా కాళ్ళ మీదే. ఇది బస్సా, లారీనా అని నాలో నేను సణుక్కుంటుంటే కండక్టరు విన్నాడు. వాడూ మనవాడే.

“తెలుగులో తిడితే అర్థం కాదనుకుంటిరా అన్నా? ఈ ఊళ్ళో ముందు మునక్కాయకే సీటు, ఆపైనే మనిషికి. కాలు పైకి పెట్టుకోండి.”

అలా కాళ్ళు మడుచుకునే ఉడుమలై దాకా వెళ్ళాను. ఎండ మాడ్చేసింది. పొల్లాచ్చి దాటి కినత్తుకడవు వచ్చేసరికి లోకమే మారిపోయింది. కొబ్బరి చెట్లన్నీ ఒకే పక్కకు తల దువ్వుకున్నట్టు వంగి ఉన్నాయి. గాలి ఒక్క తోపు తోస్తే నా భుజం మీది తువ్వాలు వెనక సీటులో పడింది. కిటికీ మూయమన్నాను. “రెక్కే లేదు, దేన్ని మూసేది? పడమట కొండల నడుమ సందు ఉండాది కదా అన్నా, ఆడిలో గాలంతా దాంట్లో దూరి ఈ పక్కకే వస్తాది” అన్నాడు కండక్టరు. నాకెంత సంతోషమో! ఇంత గాలిలో అప్పడం ఆరడానికి ఎంతసేపు అనుకున్నాను. నా అంత తెలివైనవాడు ఉంటాడా?

నేను ఇల్లు చేరేసరికి అక్క అప్పుడే షిఫ్టు దిగి వచ్చింది, జుట్టు నిండా పత్తి నూగు. కారక్కుళంబు పులుసు పోసి అన్నం పెట్టింది. తినీ తినకముందే అప్పడాలు ఒత్తి, షెడ్డు మిద్దె మీద చాప పరిచి ఆరబెట్టాను. గాలికి ఎగిరిపోకుండా చుట్టూ రాళ్ళు. గంట గడిచింది, రెండు గడిచాయి. ఎండ ఒక క్షణం కనిపిస్తే పది క్షణాలు మబ్బు. మధ్యలో పన్నీరు చిలకరించినట్టు తుంపర. వేలితో తాకితే అప్పడం వేలితోనే లేచి వచ్చింది. షెడ్డు ఓనరు మాత్రం ఏమీ జరగనట్టు నిలబడ్డాడు.

“ఆడి పోతే సరిపోతాది” అన్నాడు.

“ఆడి పోతే?”

“ఆవణిలో కొంచెం తగ్గుతాది.”

“ఆ తర్వాత?”

“ఐప్పసిలో వాన. అది పోతే నిండా బాగుంటాది!”

అంటే సగం సంవత్సరం నేను అప్పడాలను ఒళ్ళో పెట్టుకుని జోకొట్టాలన్నమాట. అయినా ఆశ చావక రెండు తెచ్చి అక్కను వేయించమన్నాను. పొంగలేదు. నూనె తాగి చట్టి అడుగున పడుకున్నాయి.

“ఇదేందిరా, చపాతీ మాదిరి ఉండాది?”

“మీ గాలే అక్కా! బాగుంటాది, బాగుంటాది అని చెప్పి చెప్పి...”

“నాకు బాగుంటాది అంటిని! ఈ ఈరం గాలి లేకుంటే నూలు పటపటా తెగుతాది. ఎండ నెలల్లో నేలకు నీళ్ళు చల్లి చల్లి చస్తాము. ఈ గాలి తిరిగితే మాకు పండగరా.”

“తడి గాలని ఒక్క మాట చెప్పినావా?”

“నువ్వు అడిగినావా? అప్పళానికి ఏం కావాలో నాకేం తెలుసు, నేనేమన్నా పిండి పిసికినానా?”

ఇద్దరం అరుచుకుంటుంటే పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసింది. అప్పుడు కనిపించింది నాకు, వెనక గదికి కొత్తగా సున్నం కొట్టి ఉంది. మా కోసమే. వీధి వీధంతా చెప్పుకుందట, తమ్ముడు వచ్చేస్తున్నాడని. నా కోపం సగం అక్కడే చచ్చింది.

“పోనీ నువ్వే మదురై రా అక్కా. అక్కడా మిల్లుంది కదా.”

“ఉంటే? ఈ గాలిలో, ఈ నూలు మీద కుదిరిన చెయ్యిరా ఇది. నీ అప్పళం ఈడ ఆరదు, నా చెయ్యి ఆడ ఆడదు. పోరా, షెడ్డు ఓనరుకు లేదని చెప్పేసి పో.”

చెప్పేశాను. మర్నాడు పొద్దున మిల్లు సంగు ఊదగానే అక్క పనికి బయలుదేరింది, నేనూ వెంట నడిచాను. పక్కింటామె అడగనే అడిగింది, “తమ్ముడు ఎప్పుడు వచ్చేస్తాడు జయా?” అని. అక్క కొంగు నడుముకు బిగించుకుంటూ, “వానికి మా గాలి ఒప్పదు అక్కా” అంది. నా వైపు చూడకుండా గేటులోకి వెళ్ళిపోయింది.

మదురై రాగానే పెరడు వదలనని ఓనరుకు చెప్పాను. సరోజ అప్పడాల చాప దులిపి పెరట్లో పరిచింది. తెలుగు గడ్డ నుంచి వలస వచ్చిన మన పెద్దలు నల్ల నేల కనిపించిన చోటల్లా ఆగిపోయారని ఇంట్లో చెప్పేవాళ్ళు కదా. ఆ నేలలో పత్తి పండింది, పత్తి వెంట మిల్లు వచ్చింది, కొండసందు గాలి నూలును నిలబెట్టింది, ఆ నూలు మా అక్కను పట్టుకుంది. నన్నేమో ఈ మాడే ఎండ పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆమె మొండిదని నేను, నాకు ప్రేమ లేదని ఆమె అనుకున్నాం. ఇద్దరిదీ తప్పు కాదని తెలిసింది, కానీ ఆ సున్నం కొట్టిన గది ఖాళీగానే ఉంది గోవిందూ.

నీకు ఒక్కటే చెప్తాను: ఏ ఊళ్ళో చోటు చూసినా, నీ సరుకుకు అన్నిటికంటే గడ్డు నెల ఏదో కనుక్కుని ఆ నెలలోనే వెళ్ళి చూడు, సరుకు చేత పట్టుకుని మరీ. బోడిలో ఉన్న నీకు మదురై ఎంత దూరం? ఇంతకీ ఎప్పుడు కలుద్దాం?