తొమ్మిదింటికి వచ్చే మెసేజ్

మా సార్ పోయారు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున, ఆఫీసుకు బయలుదేరుతూ, బూట్లు వేసుకుంటున్న కుర్చీలోనే ఒరిగిపోయారట. వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను మా ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆయన కోసమే చూస్తున్నాను. "సార్ ఇయ్యాల లేటా?" అని నేనే ముందు అడిగాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

మీకెవరికీ ఆయన తెలిసి ఉండరు. వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెయిల్ సర్వర్ చూసుకునే మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మెయిళ్లు వచ్చినన్నాళ్లూ ఆయన ఉన్నట్టే ఎవరికీ తెలియదు, రాని రోజు మాత్రం అందరూ ఆయన్నే తిట్టేవాళ్లు. ఆయన కింద ఆరేళ్లు పనిచేశాను. ఏ మెసేజ్ చదవాలన్నా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్‌ను ముక్కుదాకా తెచ్చుకునేవారు. ఎవరైనా "వైరస్ వచ్చింది" అని ఫోన్ చేస్తే, మెట్లెక్కి వాళ్ల బల్ల దగ్గరికే పోయేవారు. "ఫోన్ల చెప్తె భయం పోదు బిడ్డా, మనిషిని జూస్తె పోతది" అనేవారు.

నేను చేరిన కొత్తలో మా సర్వర్‌తో పెద్ద తలనొప్పి. యాంటీవైరస్ ఒక్క మెయిల్‌ను ఆపితే చాలు, పంపినవాళ్లకు, అందుకోవాల్సినవాళ్లకు, మా సార్‌కు, ముగ్గురికీ హెచ్చరిక పంపేది. దొంగ మెయిళ్లు పంపేవాళ్లు ఎవరో అమాయకుల అడ్రస్ తగిలిస్తారు కదా, మా హెచ్చరికలు ఆ సంబంధం లేనివాళ్లకు పోయి, వాళ్లు మమ్మల్ని తిట్టేవాళ్లు. ఇక మా డాక్టర్లు, సిస్టర్లు రోజంతా నాకు ఫోన్లు. "బంద్ చేద్దాం సార్" అని పోరు పెట్టాను.

"జర ఆగు బిడ్డా. ఎవలకు ఏ మెయిల్ అవసరమో అడిగి బంద్ చేద్దాం. జాతర పోయొచ్చినంక" అని చెప్పి, ఇంటిల్లిపాదితో, మొక్కు బెల్లం దిమ్మెలతో మేడారం వెళ్లారు.

నేనాగలేదు. మరునాడు మధ్యాహ్నం ఒక డాక్టర్ ఫోన్లో కసిరేసరికి నాకు తిక్క రేగింది. సెట్టింగ్స్ తెరిచి ఆ ముగ్గురి పేర్ల ముందున్న మూడు టిక్కులూ తీసేశాను. ఫోన్లు ఆగిపోయాయి. హాయిగా టీ తాగాను.

తెల్లారి తొమ్మిదింపావుకు సార్ ఫోన్ చేశారు. వెనక బస్సు హారన్లు.

"మేడారంల సిగ్నల్ లేకుండె. ఇప్పుడు ఏటూరునాగారంల కలిసింది. చుట్టాలయి, దోస్తులయి అన్ని మెసేజ్‌లు వచ్చినయ్. సర్వర్‌ది నిన్న మధ్యాహ్నం సంది ఒక్కటి రాలే. రోజు తొమ్మిదింటికి ఆపిన మెయిళ్ల లిస్టు రావాలె గద, అది గూడ రాలే. ఏమన్న చేసినవా?"

చెప్పాను.

"ఆపిన మెయిళ్లు తెరువు. ఒక్కొక్కటి చదువు. ఫోన్ పెట్టకు."

చదివాను. లాటరీ, కొరియర్, మళ్లీ లాటరీ. ఐదోది హైదరాబాద్ ల్యాబ్ నుంచి మా ఆపరేషన్ వార్డుకు. పాస్‌వర్డ్ పెట్టిన ఫైలు కావడంతో లోపల చూడలేక యాంటీవైరస్ ముందురోజు సాయంత్రమే ఆపేసింది. మామూలుగా అయితే వార్డు సిస్టర్‌కు హెచ్చరిక వెళ్లేది, ఆమె నాకు ఫోన్ చేసేది, నేను విసుక్కుంటూనైనా విడిపించేదాన్ని.

సార్ చెప్పిన పాస్‌వర్డ్‌తో తెరిచి ప్రింటు తీశాను. "ఉరుకు" అన్నారు సార్.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతు భార్యకు ఆ రోజు పదింటికి ఆపరేషన్. రక్తం గడ్డకట్టే పరీక్షలో తేడా ఉంటే ల్యాబ్ ముందురోజు సాయంత్రమే మెయిల్ పెడతానంది. మెయిల్ రాలేదు కాబట్టి తేడా లేదనుకున్నారు. నేను రిపోర్టు చేతిలో పట్టుకుని మూడో అంతస్తుకు చేరేసరికి స్ట్రెచర్ వార్డు దాటి వచ్చేసింది. పక్కనే ఆమె భర్త, ఆమె గాజులను రుమాల్లో మూటగట్టి పట్టుకుని నడుస్తున్నాడు. "ఆపండి" అని అరిచాను. ఊపిరందక ఇంకో మాట రాలేదు. రిపోర్టుతోపాటు ఫోన్ కూడా సిస్టర్ చేతిలో పెట్టాను. మిగతాది సార్ చెప్పారు.

డాక్టర్ వచ్చి చదివి, స్ట్రెచర్ వెనక్కి తిప్పమన్నారు. కోసి ఉంటే రక్తం ఆగేది కాదన్నారు.

"ఏమైంది బిడ్డా? ఎందుకాపిన్రు?" అని ఆ భర్త నన్నే అడిగాడు. ఆమెకు మందులిచ్చి, కొన్నాళ్లకు ఆపరేషన్ చేశారు. నడిచి ఇంటికి వెళ్లింది.

సార్ తిరిగొచ్చాక ఆసుపత్రి పెద్దల ముందు నిలబడి, "చెప్పకుండ పోయింది నేను. తప్పు నాది" అన్నారు. పచ్చి అబద్ధం. గుమ్మంలో నిలబడి విన్నాను. బయటికొచ్చి నా చేతిలో జాతర బెల్లం ముక్క పెట్టారు.

"మందికి లొల్లి తగ్గియ్యాలె, నిజమే. గని తగ్గిన లొల్లిని ఎవలో ఒకలు మొయ్యాలె బిడ్డా."

తర్వాత నన్ను వార్డు వార్డుకూ తిప్పారు. "ఎవలి మెయిల్ రాకపోతె మీకు పానం మీదికొస్తది?" అని అందరినీ అడిగి రాసుకున్నాం. ఆ కొద్ది మెయిళ్లకే వాళ్లకు హెచ్చరిక వెళ్లేలా ఉంచి, పంపినవాళ్లకు వెళ్లేవి పూర్తిగా తీసేసి, మిగతావన్నీ తన ఫోన్‌కు తిప్పుకున్నారు. పెళ్లి పందిట్లో కూడా ఆయన జేబు మోగుతూనే ఉండేది. "నీకు సవతిని తెచ్చిన" అని భార్యను ఆటపట్టించేవారు.

సార్ పోయిన పదో రోజున వాళ్లింటికి వెళ్లాను. అమ్మ (సార్ భార్యను నేనలాగే పిలుస్తాను) కిటికీలో ఛార్జింగ్ పెట్టిన ఫోన్ చూపించింది.

"గిది ఇంక మోగుతాంది బిడ్డా. తొమ్మిదైతె చాలు. ఆ సప్పుడినంగనె, ఆయిన డ్యూటీకి పోయిండనుకుంట."

ఆసుపత్రి సంగతులు ఇక ఆ ఫోన్‌కు వెళ్లకూడదు. మరునాడు సెట్టింగ్స్ తెరిచి ఆయన అడ్రస్ తీసేసి నాది పెట్టాను. ఆ ఒక్క పనికి చాలాసేపు పట్టింది. అమ్మకు మాత్రం చెప్పలేకపోయాను.

ఆ తెల్లారి తొమ్మిదింపావుకు నా ఫోన్ మోగింది. తెరమీద "సార్" అని కనిపించింది. ఎత్తితే, అమ్మ.

"ఇయ్యాల మోగలే బిడ్డా. ఏమన్న చేసినవా?"

ఆయనకు చెప్పినట్టే ఆమెకూ నిజం చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి లిస్టు నాకొస్తుంది. ఒక్కొక్కటీ చదువుతాను. చదవడం అయ్యాక సార్ నంబర్‌కు ఫోన్ చేస్తాను. అమ్మ వెంటనే ఎత్తదు. కిటికీలో దాన్ని కాసేపు మోగనిస్తుంది.