వక్కాకు నమిలేలోపల

శ్రీరస్తు. అడిగినవారికి అర్థమును, అడగనివారికి మౌనమును ప్రసాదించు వాగ్దేవికి నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర కార్తీక శుద్ధ ద్వాదశి నాడు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ రోజుల్లో, అంటే బంగారు గనులు ప్రభుత్వపరమై చాలా ఏళ్లు గడిచిన తరువాత, మా కోలారు గనుల ఊరిలో భూమి అప్పుడప్పుడు ఒళ్ళు విరుచుకొనేది. పాతాళంలో రాయి ఒత్తిడికి తాళలేక పగిలితే, పైన మా ఇళ్ళలో గూటిలోని గిన్నెలు గలగలలాడేవి. దానిని మేము ఎయిర్‌బ్లాస్టు అనేవాళ్ళం. గిన్నెల సవ్వడి ఆగకముందే ఆడవాళ్ళంతా గని గేటుకు చేరేవారు. పగిలినది ఏ భాగమో తేలేదాకా అందరి భర్తలూ ఆపదలో ఉన్నట్టే లెక్క. నేలలో పాతిన పరికరాలు పట్టిన అదురును బట్టి ఆ చోటును గణించే కంప్యూటరు గదిలో, కావ్యాలు వల్లించిన నాకు కొత్తగా ఉద్యోగం దొరికింది. (వ్యాకరణం చదివినవాడికి యంత్రాల భాష సులువని నన్ను ఎంపిక చేసిన మహానుభావుడు అన్నాడు. ఆయనకు రెండూ తెలియవని పిమ్మట తెలిసింది.)

ఆ గదికి బంగారుపేట నుండి రోజూ రైలులో వచ్చే అధికారిని మేము రైలు సారు అనేవాళ్ళం. ఒకనాడు ఆయన కొత్త కంపైలరును ప్రసాదంలా రెండు చేతులా పట్టుకొని వచ్చాడు. మనం రాసిన సూచనలను యంత్రానికి తెలిసేటట్లు మార్చే అనువాదకుడే కంపైలరు. పాతవాని కంటె ఈ కొత్తవాడు చురుకైనవాడని ప్రతీతి. ఒకే లెక్కను ఇద్దరిచేతా అనువదింపజేసి, నడిపించి, ఏది వేగమో తేల్చాలని సంకల్పించాము.

"నోడప్పా, ఇట్ల చూడు, ప్రింటరు ఒట్టి నిదానం. అది కొట్టుకుంటా ఉంటే లెక్క ఎంత వేగమో యాడ తెలుస్తుంది? అచ్చేసే లైను తీసేయ్. కాయితమూ మిగుల్తుంది," అన్నాడు సారు. సూక్ష్మబుద్ధి అంటే ఇదే గదా అని నేను ఆశ్చర్యపడి, ఆ వాక్యాన్ని తొలగించాను.

పాత కంపైలరుతో మొదలుపెట్టిన లెక్క, సారు క్యాంటీనులో టీ తాగి, తీరికగా తిరిగి వచ్చాకే ముగిసింది. కొత్తదానితో ఆయన గది బయట చెప్పులు తొడుక్కొనేలోపలే ముగిసింది! (ఆ గదిలోకి గుడిలోకి వలె వట్టి కాళ్ళతోనే వెళ్ళేవాళ్ళం.) "ఆయ్తు, అయిపాయ! ఇంగ రాయి పగిలేలోపలే చెప్పేస్తాం!" అని సారు ఒక చెప్పుతోనే లోపలికి వచ్చేశాడు. ఆ సాయంకాలమే, అచ్చు వాక్యం ఉన్న అసలు లెక్కను కూడా కొత్త కంపైలరుకు అప్పగించాము.

నేను ఉండేది చిన్నాయన ఇంట్లో. ఆయన గనిలో దిగే మనిషి. ఆ రాత్రి అన్నం దగ్గర చిన్నమ్మకు అభయమిచ్చాను: "ఇంగ గేటుకాడ నిలబడే పనే లేదు చిన్నమ్మా. వక్కాకు నోట్లో వేసుకో, నమిలేలోపల చెప్పేస్తాను."

"నిజంగానా అప్పా? పోయినతూరి నిలబడి నిలబడి కాళ్ళు పొంగిపోయినాయి."

"నేను కిందుంటే మీ చిన్నమ్మ పైన నోరు మూసుకొని నమల్తా ఉంటుందా? అదే పెద్ద విడ్డూరం," అన్నాడు చిన్నాయన.

కొద్ది దినాలకే, పట్టపగలు, చిన్నాయన కింద ఉండగానే నేల అదిరింది. చిన్నమ్మ గేటుకు పోలేదు. నా మాట నమ్మి నేరుగా మా గది కిటికీకే వచ్చింది. చెంపలో వక్కాకు. నేను లెక్కను మొదలుపెట్టాను. ప్రింటరు కదలలేదు.

"నమిలేసినానప్పా. యాడ?"

"ఇంగ కొంచెం చిన్నమ్మా."

సారు చల్లని గదిలో చెమటలు తుడుచుకుంటున్నాడు. ఆమె మరొక ఆకు మడిచింది. "రెండోది కూడా అయిపాయ. ఏమప్పా, మీ మిషనుకు పళ్ళు లేవా?" అన్నది. మాట హాస్యమే కాని, చెయ్యి మూడో ఆకుకు పూసిన సున్నమే మళ్ళీ మళ్ళీ పూస్తున్నది. ఆ చెయ్యి చూశాక నాకు చదివిన శ్లోకమొక్కటీ గుర్తు రాలేదు.

తుదకు ప్రింటరు కొట్టుకున్నది. "చిన్నాయన పక్క కాదు చిన్నమ్మా! మూసేసిన పాత చోటు. ఆ పక్క మనుషులే లేరు!" అని అరిచాను. ఆమె మెట్టు మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడ్చి, తరువాత నన్ను తిట్టింది.

ఆ సాయంత్రం సారు తన రైలునే వదులుకొని నాతో కూర్చున్నాడు. పరీక్ష కోసం చేసిన అనువాదాన్ని విప్పి చూస్తే, అందులో లెక్కే లేదు! ఫలితాన్ని అచ్చువేయమని ఎవరూ అడగలేదు గనుక, దానిని గణించడం వృథా అని కొత్త కంపైలరు తలచి, ఆ పనినంతా ఎత్తివేసింది. పాతది పాపం, అడిగినా అడగకున్నా చాకిరీ చేసింది.

ఇంటికి వెళ్ళి చెబితే చిన్నమ్మ ఏమీ ఆశ్చర్యపడలేదు. "మీ చిన్నాయనా అంతే కదప్పా. నీళ్ళు పట్టినావా అని నేనడగనని తెలిస్తే బిందె ముట్టడు. ఎంత బిరీన పని ముగించేస్తాడో!"

చిన్నాయన చుట్ట వెతికే నెపంతో బయటికి నడిచాడు.

అచ్చు వాక్యాన్ని చేర్చి మళ్ళీ పరీక్షించాము. లాభం ఉన్నది, కాని ఆకుకు సున్నం పూసేంత. ఆ మాట సిగ్గుతో చెప్పాను.

"ఆపాటి తగ్గినా మేలే అప్పా," అన్నది చిన్నమ్మ. "గేటుకాడ ఆ కాస్తంత పొద్దు ఎంత పొడుగుంటాదో నువ్వు నిలబడి చూడలేదు."

ఇప్పుడు ఎవరైనా ఏ పనినైనా చిటికెలో ముగించామని చెబితే, జవాబు చూపించమంటాను. వాళ్ళు నన్ను చాదస్తుడంటారు. ఒక చెప్పుతో గంతులేసిన సారును, ఆయన వెనుక చప్పట్లు కొట్టిన పిలకాయ పండితుడిని తలచుకొని నాలో నేను నవ్వుకుంటాను.

అక్షయ నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి నాడు కొత్త కంపైలరునే ఆ గదిలో స్థిరపరచారు. చిన్నాయన పదవీ విరమణ దాకా గనిలో దిగాడు. గిన్నెలు కదిలిన ప్రతిసారీ చిన్నమ్మ గేటుకే వెళ్ళింది.