మేవిస్ వేసిన వెలి

ఇంగ్లండులోని లీడ్స్ శివారులో ‘గోధుమ పన’ పబ్బు నడిపే మేవిస్ హార్డ్‌కాసిల్‌ని మంచిదని ఎవరూ అనలేదు. గ్లాసు ఠపీమని పెట్టినవాణ్ణి వెలివేసింది. కుక్కని తన్నినవాణ్ణి వెలివేసింది. ఒకడినైతే వాడి నవ్వు నచ్చలేదని వెలివేసింది. పబ్బు ఆవిడ ‘ఇక రాకు’ అంటే కారణం అడగకూడదు. ఎంత మొనగాడైనా మళ్ళీ గడప తొక్కడు.

తను లీజుకు తీసుకున్న ఆ బిల్డింగు అమ్మకానికొస్తోందని తెలిసి, దాన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్పించడానికి ఆవిడ కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి పచ్చ పింగాణీ కౌంటరు, పూల అద్దాలు, పాత రోజుల్లో ఆడవాళ్ళు చాటుగా కూర్చుని తాగిన చిన్న గది, అన్నీ జాబితాకెక్కాయి. ఇక తనని ఎవడూ కదపలేడనుకుంది పిచ్చిది.

కొత్త యజమాని గైల్స్ ఫెన్విక్ వచ్చి కౌంటరు మీద చెయ్యేసి నిమిరాడు.

“ఒక్క మేకు కూడా పీకను మేడమ్, చట్టం ఒప్పుకోదు. మీ లీజు అయిపోయింది కాబట్టి మీరు ఖాళీ చెయ్యండి చాలు.”

“నేను లేని పబ్బేంటయ్యా?”

“జాబితాలో మీ పేరు లేదుగా.”

మేవిస్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. “నడు బయటికి! నువ్వు వెలి!” అంది. కిటికీ పక్కన కూర్చునే ముసలి బస్సు డ్రైవరు సిరిల్ లేచి, పెద్దమనిషి తరహాగా తలుపు తీసి పట్టుకున్నాడు.

అయినా చట్టం గైల్స్ వైపే ఉంది. చివరి ఆదివారం మధ్యాహ్నం పేటంతా వచ్చింది. సిరిల్ కళ్ళు తుడుచుకున్నాడు.

“ఏం చేస్తాం మేవిసూ! వాడు తెరిచాక నిన్ను తలుచుకుంటూ ఇక్కడే తాగుతాంలే.”

ఆ ఓదార్పుతో ఆవిడకి అసలు సంగతి తట్టింది. తను పోయినా వీళ్ళు వస్తారు, వాడికి గల్లా నింపుతారు. కౌంటరు మీది గంట అందుకుని కొట్టింది. వీడ్కోలు మాటలు చెబుతుందేమోనని అందరూ గ్లాసులెత్తారు.

“సిరిల్, నువ్వు వెలి.”

“నేనేం చేశానే?”

“రేపు చేస్తావు.”

తర్వాత ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, బతికున్నంత కాలం రావద్దంది. “రాక్షసి ముండ” అని ఎవరో గొణిగారు. గ్లాసులు దించి, ఆవిణ్ణి తిట్టుకుంటూనే అందరూ వెళ్ళిపోయారు.

గైల్స్ పబ్బు తెరిచిన రోజు మేవిస్ ఎదురుగా బస్టాపులో కూర్చుంది. చూడకుండా ఉండలేకపోయింది. గైల్స్ గుమ్మంలో నిలబడి, బయట తచ్చాడుతున్న సిరిల్‌ని పిలిచాడు.

“రండి పెద్దాయనా, మొదటి గ్లాసు ఉచితం!”

సిరిల్ లోపలికి తొంగిచూశాడు. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

“కుదరదు బాబూ. పబ్బు ఆవిడ నన్ను వెలేసింది.”

“పబ్బు ఇప్పుడు నాది కదయ్యా!”

సిరిల్ ఆ మాట విననట్టే రోడ్డు దాటి మేవిస్ ముందుకొచ్చాడు.

“నీ వల్ల ఇంట్లో డబ్బా బీరు తాగి చావాల్సొస్తోంది. జన్మలో నిన్ను క్షమించను!”

మేవిస్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. మొహం పక్కకి తిప్పుకుంది.

“అరవకు. బస్టాపులోంచి కూడా వెలేస్తాను.”